అమలాపురం మూలికల దుకాణపు మధుమేహ చూర్ణం: పొడి మంచిదే, అట్ట మీది మాటే ప్రమాదకరం

అమలాపురంలోని ఒక మూలికల దుకాణంలో అమ్ముతున్న మధుమేహ చూర్ణాన్ని మా నాన్నగారి కోసం కొన్నాను. పావు కిలో డబ్బా ధర 240 రూపాయలు. పొడపత్రి, నేరేడు గింజలు, మెంతులు, ఎండు కాకరకాయ దంచి జల్లించిన పొడి ఇది. ఏది ఏ పాళ్లలో కలిపారో, ఎప్పుడు తయారుచేశారో డబ్బా మీద స్పష్టంగా ముద్రించారు. మన సంతల్లో దొరికే పొట్లాల మీద ఈ వివరాలేవీ కనిపించవు కనుక ఇది మెచ్చుకోదగిన విషయం.

పొడపత్రి అసలైనదే. చిటికెడు పొడిని కాసేపు నాలుక మీద ఉంచి, నోరు పుక్కిలించి తాపేశ్వరం కాజా కొరికి చూశాను. పాకం జిగురు, నేతి వాసన తెలిశాయి గాని తీపి మాత్రం తెలియలేదు. ఆ ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీది తీపి గ్రాహకాలను కొంతసేపు అడ్డుకుంటాయి. భోజనం కాగానే తీపి మీదికి మనసు పోయే మా నాన్నగారికి ఈ గుణం బాగా ఉపకరిస్తోంది. మెంతుల్లోని కరిగే పీచు కడుపులో జిగురుగా మారి, అన్నంలోని చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరేటట్లు చేస్తుంది. పూటపూటకూ వరి అన్నమే తినే మన డెల్టా వాసులకు ఇది చిన్న మేలు కాదు. కాకర గురించి మాత్రం, టైపు 2 మధుమేహానికి పనిచేస్తుందనడానికి తగిన ఆధారాలు లేవని, వైద్య పరీక్షల ఫలితాలన్నిటినీ కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2012 నాటి సమీక్షలో తేల్చింది.

నా అభ్యంతరమంతా అట్ట మీద వేసిన "క్లోమాన్ని పూర్తిగా బాగుచేస్తుంది" అన్న వాక్యం గురించే. టైపు 2 మధుమేహం బయటపడే నాటికే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల సామర్థ్యం దాదాపు సగం తగ్గిపోయి ఉంటుందని బ్రిటన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఇలాంటి మూలికలతో ఎలుకల్లో కనిపించిన ఫలితాలను చూపి మనుషులకు అంత మాట ఇవ్వడం అన్యాయం. మధుమేహాన్ని నయం చేస్తామని మందులకు ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. పైగా మాత్రలు మానేయవచ్చని కౌంటరులో చెప్పారు. మొక్కల్లో మందు లేదని నేను అనడం లేదు. మెట్‌ఫార్మిన్ అనే మధుమేహ మాత్ర మూలం కూడా ఐరోపాలోని ఒక మొక్కలో దొరికిన పదార్థమే. అయితే ఆ మాత్రలో మందు ఎంతుందో వైద్యుడికి తెలుసు, చెంచాడు పొడిలో ఎంతుందో తెలియదు. క్లోమం చేత ఇన్సులిన్ ఎక్కువగా విడుదల చేయించే గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వేసుకునేవారు దీన్ని కలిపి వాడితే చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం దాకా రావచ్చు. కనుక డబ్బాను వైద్యుడికి చూపించిన తరువాతే మొదలుపెట్టాలి.

డబ్బాతో పాటు ఇచ్చే కరపత్రం మాత్రం నాకు ఎంతో నచ్చింది. భోజనం చేశాక పది, పదిహేను నిమిషాలు నడవమని, వారానికి 150 నిమిషాలకు తగ్గకుండా వ్యాయామం చేయమని, వరుసగా రెండు రోజులకు మించి మానవద్దని అందులో ఉంది. కదిలే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకుంటుంది, ఇన్సులిన్‌కు స్పందించే గుణం ఆ తరువాత కూడా ఒకటి రెండు రోజులు మెరుగ్గా ఉంటుంది. అంటే అలసిన క్లోమం మీద భారం తగ్గుతుంది. మా నాన్నగారు ఇప్పుడు రాత్రి భోజనం కాగానే కాలువ గట్టు మీద వంతెన దాకా నడిచి వస్తున్నారు. ఆ కరపత్రాన్ని, డబ్బా కొనకపోయినా, అడిగినవారందరికీ ఉచితంగానే ఇస్తున్నారు.