జేఫ్లాప్‌తో ఎనిమిదేళ్లు: నల్లగొండ ల్యాబు అనుభవం

నల్లగొండ ఊరి బయట ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఆటోమేటా (గుర్తుల వరుసను ఒక్కొక్కటిగా చదివి ఒప్పుకోవాలో లేదో తేల్చే ఊహాయంత్రాలు) పాఠం చెబుతాను. ఫార్మల్ లాంగ్వేజెస్ అండ్ ఆటోమేటా థియరీ అనే ఆ సబ్జెక్టును పిల్లలు పొట్టిగా ‘ఫ్లాట్’ అంటారు, పరీక్షలంటే దానికే ఎక్కువ భయపడతారు. ఎనిమిదేళ్లుగా ఈ పాఠానికి జేఫ్లాప్ వాడుతున్నాను. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో సూసన్ రాడ్జర్, ఆమె విద్యార్థులు కలిసి తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. స్టేట్‌లు పెట్టి (యంత్రం ఉండగల ఒక్కో దశ ఒక స్టేట్), వాటి మధ్య బాణాలు గీసి, ఏదైనా గుర్తుల వరుస ఇస్తే యంత్రం దాన్ని ఒప్పుకుంటుందో లేదో అడుగడుగునా చూపిస్తుంది.

మొదటి ఏడాది అందరిలాగే సున్నాలు, ఒకట్లతోనే లెక్కలు వేయించాను. ఎవరూ తలెత్తి చూడలేదు. దేవరకొండ, మునుగోడు వైపు నుంచి వచ్చే మా పిల్లల్లో చాలామంది పదో తరగతి దాకా తెలుగులో చదివినవారే. అందుకే మరుసటి ఏడు తెలుగు అక్షరాన్నే ఉదాహరణగా ఎత్తుకున్నాను. మనకు ‘స్త్రీ’ ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు అది ఆరు గుర్తుల వరుస: స, విరామం (హల్లును తర్వాతి హల్లుతో కలిపే గుర్తు), త, విరామం, ర, ఈత్వం. పొల్లు, సున్న, విసర్గల జోలికి పోకుంటే నియమం చిన్నదే. అచ్చు అయితే ఒంటరిగా ఉండాలి. హల్లుతో మొదలైతే ఎన్ని వత్తులైనా చేరవచ్చు, చివర ఒక గుణింతం గుర్తు ఉన్నా సరే, లేకున్నా సరే.

మిర్యాలగూడ అమ్మాయి ఒకతె దీనికి ఐదు స్టేట్‌లు గీసింది: మొదలు, హల్లు తర్వాత, విరామం తర్వాత, గుణింతం తర్వాత, అచ్చు తర్వాత. మినిమైజ్ చేయిస్తే, అంటే అదే పని చేసే అతి తక్కువ దశలకు కుదించమంటే, తప్పు వరుసలు పడే ట్రాప్ స్టేట్‌ను లెక్కలోకి తీసుకోకుండా, నాలుగే మిగిలాయి. చివరి రెండూ కలిసిపోయాయి. “అచ్చు వేరు, గుణింతం వేరు కదా మేడం, ఎలా కలిపేసింది?” అని నిలదీసింది. ఆ రెండింటి తర్వాతా ఇక ఏ గుర్తూ రాకూడదు. ఇకపై రాదగినవి ఒకటే అయినప్పుడు, ఎటు నుంచి వచ్చామన్నది యంత్రానికి అనవసరం. మైహిల్, నెరోడ్ సిద్ధాంతం గుండెకాయ ఇదే. బోర్డు మీద మూడు పీరియడ్లు చెప్పినా రాని ప్రశ్న ఆ తెర ముందు వచ్చింది.

బండి నంబర్లు కూడా బాగా పనికొస్తాయి. ఏపీ 24, టీఎస్ 05 చదివే యంత్రాన్ని అంతకుముందే గీయించాను. 2024 మార్చిలో టీజీ రాగానే ‘టీ’ తర్వాతి బాణం పక్కన ఇంకో బాణం చేరింది, అంతే.

ఎన్ఎఫ్ఏను (ఒకే గుర్తుకు ఒక స్టేట్ నుంచి ఎన్ని బాణాలైనా ఉండగల యంత్రం) డీఎఫ్ఏగా (ప్రతి గుర్తుకూ ఒక్కటే బాణం ఉండేది) మార్చే చోట మాత్రం ఆచితూచి వెళ్లాలి. ‘చివరి నుంచి ఐదో గుర్తు 1’ అన్న భాషకు, అంటే అలాంటి సున్నా, ఒకట్ల వరుసలన్నిటికీ, ఎన్ఎఫ్ఏలో ఆరు స్టేట్‌లు చాలు. డీఎఫ్ఏకు 32 కావాలి, బాణాలు 64. అవన్నీ తెర మీద చిక్కుపడిన నూలుకండెలా కనిపిస్తాయి. ఒక్కొక్కటీ చేత్తో లాగి సర్దుకోవాలి. మూడో గుర్తుతో, అంటే ఎనిమిది స్టేట్‌లతో ఆపేస్తే క్లాసు సాగుతుంది.

నాకు బాగా నచ్చినది ట్యూరింగ్ యంత్రం, అంటే గడులున్న అంతులేని టేపు మీద అటూఇటూ జరుగుతూ చదివి, రాసే ఊహాయంత్రం. ఖాళీ గడి కనిపిస్తే కుడికి జరగమని ఎవరో ఒకరు పొరపాటున రాస్తారు, అది అంతులేకుండా పోతూనే ఉంటుంది. కొన్ని వందల అడుగులయ్యాక జేఫ్లాప్ చిన్న పెట్టె తెరిచి, ఇంకా కొనసాగించాలా అని అడుగుతుంది. “ఆగుతుందో లేదో దానికి తెలియదా?” అని పిల్లలు అడుగుతారు. ఏ యంత్రం, ఏ ఇన్‌పుట్ ఇచ్చినా ఆగుతుందో లేదో తప్పక తేల్చిచెప్పే ప్రోగ్రాం ఉండదని ట్యూరింగ్ 1936 నాటి పనితోనే తేలిపోయింది. అందుకే అది మనల్నే అడుగుతుంది. హాల్టింగ్ ప్రాబ్లం నిరూపణకు నేను ఆ పెట్టె దగ్గర నుంచే మొదలుపెడతాను.

ఒక భాషకు ఇలాంటి స్టేట్ల యంత్రం గీయడం కుదరదని చూపడానికి వాడే పంపింగ్ లెమ్మాను జేఫ్లాప్ ఆటగా ఆడిస్తుంది. ఆ ఆట సరదాగా ఉంటుంది గానీ, ఒకసారి గెలిస్తే నిరూపణ అయిపోయిందని అనుకుంటారు. ప్రత్యర్థి పదాన్ని (గుర్తుల వరుసను) ఎలా విడగొట్టినా ఓడించగలగాలని మళ్లీ సుద్దముక్క పట్టుకుని చెప్పాల్సిందే.

ఇబ్బందులూ ఉన్నాయి. జావా లేని సిస్టంలో నడవదు. ఫోనులో అసలే నడవదు, మా పిల్లల్లో సగం మందికి ఇంటి దగ్గర ఉన్నది ఫోనే. కొత్త ల్యాప్‌టాప్ తెరల మీద అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. ఖాళీ పదానికి (ఒక్క గుర్తూ లేని వరుసకు) మొదట్లో లాంబ్డా చూపిస్తుంది, ఎప్సిలాన్‌కు అలవాటుపడినవారు సెట్టింగుల్లో మార్చుకోవచ్చు. అసలు చిక్కు పరీక్షలో వస్తుంది. మినిమైజేషన్‌ను ఇది చెట్టు గీసి, గుంపులుగా విడగొట్టి చూపిస్తుంది, మా ప్రశ్నపత్రంలో పట్టిక నింపమంటారు. అందుకని ముందు కాగితం మీద పట్టిక వేయించి, ఆ తర్వాతే మినిమైజ్ నొక్కనిస్తాను. రెండూ కలవని రోజు గంట కొట్టినా ఎవరూ లేవరు.