పిచ్చుకల పెట్టె: ఆ పుల్లను ముందు కోసేయండి

పిచ్చుకలు గూడు కట్టుకోవడానికి కొన్న ఈ చెక్కపెట్టెను మా రాజమహేంద్రవరం ఇంటి తూర్పు గోడకు, చూరు కింద తగిలించి ఈ ఫాల్గుణానికి మూడేళ్లు. మొదటి ఏడు ఎవరడిగినా కళ్లు మూసుకుని కొనమన్నాను. ఇప్పుడైతే, కొనండి గానీ రంధ్రం కింద ఉన్న పుల్లను కోసేసి మరీ తగిలించండి అంటాను.

నిజానికి ఆ పుల్లను చూసే నేను కొన్నాను. ప్రకటన బొమ్మలో దాని మీద పిచ్చుక ఎంతో ముద్దుగా కూర్చుని ఉంది. మా ఇంట్లోనూ అలాగే జరిగింది. శివరాత్రి వెళ్లిన వారానికి, గొంతు కింద నల్లమచ్చ ఉన్న మగపిచ్చుక వచ్చి ఆ పుల్ల మీదే కూర్చుని పొద్దంతా పిలిచింది. నాలుగో రోజుకు ఆడది వచ్చి లోపలికి తొంగిచూసింది. ఇక ఎండుగడ్డి, కొబ్బరిపీచు, మా అమ్మ కొండచీపురు పూచికలు అన్నీ పెట్టెలోకే. చిన్నప్పుడు చూరుకు వరికుచ్చులు కట్టిన ఇంట్లో పెరిగిన మా అమ్మ, ఆ నెలంతా కాఫీ ఆ గోడ ఎదురుగానే తాగింది.

రెండో ఏడు ఉగాదికి లోపల నాలుగు పిల్లలు. చిక్కుడుపాదుకు పేనుబంక పట్టినా మందు కొట్టలేదు. తల్లీ తండ్రీ దాన్నే ముక్కుతో ఏరి పిల్లలకు పెడుతున్నాయి. ధాన్యం తినే పిట్టే అయినా పసికూనలకు మాత్రం పురుగులే కావాలి. పన్నెండు రోజులు దాటేసరికి పిల్లలు రంధ్రం దగ్గరికి వచ్చి, పసుపు అంచుల నోళ్లు తెరిచి అరవడం మొదలుపెట్టాయి. ఆ అరుపులు కొబ్బరిచెట్టు మీది కాకి కూడా విన్నది. ఒక ఉదయం తిన్నగా వచ్చి ఆ పుల్ల మీద వాలింది. పిచ్చుకలు రెండూ గోల చేస్తూ దాని చుట్టూ తిరిగాయి. నేను కర్ర పట్టుకుని మేడెక్కేలోగా ఒక పిల్ల దాని ముక్కున ఉంది. మర్నాడు ఇంకొకటి పోయింది. ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు.

సాయంత్రం స్టూలు వేసుకుని రంపపు బ్లేడుతో పుల్లను మొదలంటా కోసేశాను. తెల్లవారి కాకి మళ్లీ వచ్చింది. నున్నటి చెక్క మీద కాలు నిలవక రెక్కలు కొట్టుకుని వెళ్లిపోయింది. పిచ్చుకలకు ఇబ్బంది అవుతుందేమోనని భయపడ్డాను గానీ, అవి రంధ్రం అంచును గోళ్లతో పట్టుకుని ఎప్పటిలాగే మేత పెట్టాయి. గోడ కంతల్లో కాపురం చేసే పిట్టకు పుల్లతో పనేముంది? మిగిలిన రెండు పిల్లలూ ఎగిరిపోయాయి.

అప్పుడు స్కేలు పెట్టి కొలిచాను. రంధ్రం 32 మిల్లీమీటర్లు, సరిగ్గానే ఉంది, గోరువంక దూరలేదు. కానీ రంధ్రం నుంచి పెట్టె అడుగుకు 7 సెంటీమీటర్లే. కనీసం 12 ఉంటే పిల్లలు అంత త్వరగా కాకి ముక్కుకు అందవు. గట్టిదని నేను మెచ్చుకున్న ప్లైవుడ్ కూడా రెండు వానాకాలాలకు అడుగున ఉబ్బింది.

ఇంకో మాట. ఈ పెట్టెలు మార్చి 20న పిచ్చుకల దినం చూసి కొంటారు. మా దగ్గర అప్పటికే చాలా జంటలు చోటు చూసుకుని ఉంటాయి. మాఘంలోనే తగిలించడం మంచిది.

మా వీధి చివర బియ్యం కొట్టు ఉంది, పిచ్చుకలు ముందునుంచీ ఉన్నాయి. మా గోడకు మధ్యాహ్నం ఎండ తగలదు. నేను పగలంతా ఇంట్లోనే ఉంటాను. పిచ్చుక జాడే లేని చోట, పడమటి ఎండ కొట్టే గోడకు ఇదే పెట్టె పనికొస్తుందని నేను చెప్పలేను.

ఈ ఏడు వడ్రంగితో పుల్ల లేకుండా, 14 సెంటీమీటర్ల లోతుతో మరో పెట్టె చేయించి పక్కనే తగిలించాను. జంట మాత్రం మళ్లీ పాతదానికే వచ్చింది. వారం నుంచి గడ్డి మోస్తున్నాయి.