ఐదేళ్లు వాడిన యాంటీవైరస్, ఎనిమిది నెలలు ఏడిపించిన దాని టూల్‌బార్

2021 జనవరిలో విశాఖ డాబాగార్డెన్స్‌లోని ఒక షాపులో ఈ యాంటీవైరస్ డబ్బా కొన్నాను. మూడేళ్ల లైసెన్సు, బేరమాడితే 1,350 రూపాయలకి ఇచ్చాడు. అది అయిపోయాక ఇంకో రెండేళ్లకి రెన్యూ చేశాను. ఆ గడువు కూడా వచ్చే నెలతో తీరిపోతోంది. రెన్యూ చెయ్యమని స్క్రీను కింద మూల నుంచి రోజుకి మూడుసార్లు తొంగిచూస్తోంది. చెయ్యాలా వద్దా అని ఆలోచిస్తుంటే ఇదంతా రాయాలనిపించింది. కంపెనీ పేరు మాత్రం రాయను. నా ఒక్క కంప్యూటర్లో జరిగినదానికి పేరు పెట్టి తిట్టడం బాగోదు. పైగా ఇలాంటి టూల్‌బార్ (యాంటీవైరస్ బ్రౌజర్‌కి తగిలించే అదనపు భాగం) చాలా కంపెనీల ప్యాకేజీల్లో ఉంటుంది.

నేను అక్కయ్యపాలెంలో ఇంటి దగ్గరే జీఎస్టీ లెక్కలు చూస్తాను. పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్, గాజువాక అంతా కలిపి ముప్పైకి పైగా షాపులు. 11వ తారీఖు లోపు జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20 లోపు 3బి (నెల పన్ను లెక్క). ఆ గడువుల ముందు రోజుల్లో పొద్దున కూర్చుంటే అర్ధరాత్రి దాకా బ్రౌజర్ ముందే ఉంటాను. ఒక్కరోజు ఆలస్యమైతే షాపుకి 50 రూపాయల లేట్ ఫీజు, అది మళ్లీ ఎవరు కట్టాలన్న పంచాయితీ.

మొదటి మూడేళ్లూ దీని మీద నాకు ఒక్క ఫిర్యాదు లేదు. షాపుల వాళ్లు బిల్లులు పెన్‌డ్రైవ్‌లో తెస్తారు. అందులో సగం పెన్‌డ్రైవ్‌లు తెరిస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయి ఉంటాయి. అలాంటివి పెట్టగానే పట్టుకునేది. ఒకసారి వాట్సాప్ వెబ్‌లో "ఈ రాత్రికి మీ కరెంటు కట్ చేస్తాం, వెంటనే బిల్లు కట్టండి" అని లింకు వస్తే, కంగారులో నొక్కాను కూడా. ఎర్ర పేజీ వచ్చి ఆపేసింది. ఆ రోజు ఆపింది ఈ యాంటీవైరసే. అది ఒప్పుకోవాలి.

గొడవ 2024 మార్చిలో మొదలైంది. యాంటీవైరస్ పెద్ద అప్‌డేట్ ఏదో చేసుకుంది, రీస్టార్ట్ అడిగింది, చేశాను. తర్వాత క్రోమ్ తెరిస్తే పైన కొత్త బొమ్మ, సెర్చ్‌లో ప్రతి లింకు పక్కనా ఆకుపచ్చ టిక్కు. బాగానే ఉందే అనుకున్నాను. పది రోజుల తర్వాత హ్యాంగ్ అవ్వడం మొదలైంది. ఎలాగంటే, ఇన్వాయిస్ నంబరు కొట్టి ట్యాబ్ నొక్కుతాను. కర్సర్ పక్క గడిలోకి వెళ్లదు. మౌస్ కదులుతుంది, కానీ ఏది నొక్కినా పలకదు. పేజీ కొంచెం పాలిపోతుంది. పైన "స్పందించడం లేదు" అని పడుతుంది. వెయిట్ చేస్తారా, మూసేస్తారా అని అడుగుతుంది. ముప్పై, నలభై సెకన్లయ్యాక ఒక్కసారిగా నేను కొట్టినవన్నీ గబగబా వచ్చి పడతాయి, అవి కూడా తప్పు గడిలో. బ్రౌజర్ ఇలా చస్తూ ఉంటే పక్కనే ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) మాత్రం దర్జాగా నడుస్తుండేది. ఆ ఒక్క గుర్తు చాలు, తప్పు కంప్యూటర్ది కాదని తెలియడానికి. నాకు తట్టలేదు.

మొదట నెట్ మీద అనుమానం. కేబుల్ అబ్బాయి వచ్చి స్పీడు చూపించాడు, బ్రహ్మాండంగా ఉంది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూశాను, అదే తంతు. తర్వాత మెకానిక్. ఆయన డబ్బా విప్పి లోపల దుమ్ము ఊదాడు. ఈ ఊరి ఉప్పుగాలికి బోర్డుల మీద పచ్చగా చిలుము పడుతుందని చూపించాడు, అది నిజమే. ఆ తర్వాత, "ఏటి మేడమ్, నాలుగు జీబీ ర్యాముతో ఈ రోజుల్లో ఏటి లాగుతాది? ఇంకో నాలుగు ఏసీండి, ఎగిరిపోద్ది" అన్నాడు. 1,800 పెట్టి వేయించాను. విండోస్ కాస్త తొందరగా లేచింది. బ్రౌజర్ మాత్రం ఎక్కడ ఆగేదో అక్కడే ఆగింది.

నన్ను ఎక్కువ దారి తప్పించింది ఇంకొకటి. క్రోమ్ ఆగుతోందని ఫైర్‌ఫాక్స్‌లో చేసి చూశాను, అదీ ఆగింది. రెండూ ఆగుతున్నాయంటే తప్పు బ్రౌజర్‌లో లేదు, జీఎస్టీ సైట్‌దే అని తేల్చేసుకున్నాను. ఆ సైట్‌కి 20వ తారీఖున ఎలాగూ మంచి పేరు లేదు కాబట్టి నమ్మడం తేలికైంది. యాంటీవైరస్ రెండు బ్రౌజర్లలోనూ ఒకే టూల్‌బార్ పెట్టుకుని కూర్చుందన్న ఆలోచనే రాలేదు. పై వరసలో ఆ చిన్న డాలు బొమ్మ రెండింటిలోనూ కనిపిస్తూనే ఉంది. రోజూ చూసే వస్తువు కదా, కళ్లకి ఆనదు.

కంపెనీ సపోర్ట్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను. అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. రిమోట్‌లో కంప్యూటర్ తన చేతికి తీసుకుని యాభై నిమిషాలు స్కాన్ నడిపి, "వైరస్ లేదండీ, బ్రౌజర్ రీఇన్‌స్టాల్ చేసుకోండి" అన్నాడు. చేశాను. క్రోమ్‌లో సైన్ ఇన్ అవ్వగానే పాత ఎక్స్‌టెన్షన్లన్నీ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు) సింక్ అయి తిరిగొచ్చేశాయి. రీఇన్‌స్టాల్ చేసి ఏం లాభం!

నవంబరులో ఒకరోజు వేరే షాపు లాగిన్ కోసం ఇన్‌కాగ్నిటో విండో తెరిచాను. అందులో గంటసేపు పనిచేశాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ఓహో, క్యాషేలో చెత్త పేరుకుందన్నమాట అనుకుని కుకీలు, హిస్టరీ అన్నీ తుడిచేశాను. అన్ని సైట్లలోంచి లాగౌట్ అయిపోయి, పాస్‌వర్డ్‌లు వెతుక్కునేసరికి ఆ పూట గడిచింది. మామూలు విండోలో మళ్లీ అదే హ్యాంగ్.

మధురవాడలో ఉద్యోగం చేసే మా తమ్ముడికి ఫోన్లో ఇదంతా ఏకరువు పెట్టాను. వాడు నవ్వి, "అక్కా, ఇన్‌కాగ్నిటోలో ఎక్స్‌టెన్షన్లు నడవవు, నువ్వు పనిగట్టుకుని ఒప్పుకుంటే తప్ప. నీకేం ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి?" అన్నాడు.

"నేనేం వేసుకోలేదురా."

"నువ్వు వేసుకోనక్కర్లేదు. సరే, క్రోమ్ తెరిచి షిఫ్ట్ పట్టుకుని ఎస్కేప్ నొక్కు."

నొక్కితే చిన్న కిటికీ వచ్చింది. విండోస్ టాస్క్ మేనేజర్ కాదు, క్రోమ్‌కి సొంతంగా ఉండేది. ఒక్కో ట్యాబ్‌కి, ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కి ఒక్కో వరస. సీపీయూ అన్న చోట నొక్కితే ఎక్కువ తినేది పైకి వస్తుంది. జీఎస్టీ పేజీలో ట్యాబ్ కొట్టాను. పేజీ ఆగింది. ఈ కిటికీలో మా యాంటీవైరస్ పేరున్న వరస 3 నుంచి 97కి లేచి, 98, 99 అంటూ అక్కడే నిలబడింది. జీఎస్టీ ట్యాబ్ కూడా దాని వెనకే ఎగబాకింది. ముప్పై సెకన్లయ్యాక రెండూ కలిసి దిగాయి. పేజీ కదిలింది. ఎనిమిది నెలలుగా వెతుకుతున్న దొంగ అలా లైవ్‌లో దొరికింది.

ఫైర్‌ఫాక్స్‌లో కూడా రుజువు చూద్దామని హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ పెట్టాను. ఎక్స్‌టెన్షన్లన్నీ పక్కన పెట్టి తెరుచుకుంటుంది, మన సెట్టింగులు పోవు. వెన్నలా నడిచింది.

అసలది ఎందుకు ఆపుతుందో తమ్ముడు చెప్పినంతలో నాకర్థమైంది ఇదీ. టూల్‌బార్ అంటే ఇప్పుడు ఎక్స్‌టెన్షనే. ఒకప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఒకదాని కింద ఒకటి నాలుగు పట్టీలు వేలాడుతూ అసలు పేజీకి చోటు లేకుండా చేసేవి, గుర్తుందా? ఫైర్‌ఫాక్స్ 2017 నవంబరులో 57వ వెర్షన్‌తో ఆ పాత రకం యాడ్-ఆన్లకి దారి మూసేసింది. ఇప్పుడు కనిపించేది చిన్న బొమ్మే కానీ, పని ప్రతి పేజీ లోపలికీ దూరి చేస్తుంది. పేజీలో ఉన్న లింకులన్నీ చూస్తుంది, కంప్యూటర్లో ఉన్న అసలు యాంటీవైరస్‌ని అడుగుతుంది, అది దాని సర్వర్‌ని అడుగుతుంది, జవాబు వచ్చేదాకా పేజీ చేతులు కట్టుకుని నిలబడాలి. వార్తలు చదివే పేజీకి ఇది పెద్ద లెక్క కాదు. జీఎస్టీ పేజీలో నేనొక గడి నింపగానే కింద పట్టిక అంతా కొత్తగా తయారవుతుంది. రెండు వందల వరసల పట్టిక మారిన ప్రతిసారీ ఇది మళ్లీ మొదటినుంచి వెతకడం మొదలెడుతుంది. మా ఇంట్లో పిల్లలు యూట్యూబ్ చూస్తే ఏమీ ఆగకపోవడానికి, నేను కూర్చుంటేనే ఆగడానికి కారణం అదేనని ఇప్పుడు తెలుస్తోంది. అప్పట్లో అయితే మావారు "నీ చెయ్యి మహిమ" అనేవారు.

ఎక్స్‌టెన్షన్ల పేజీకి వెళ్లి తీసేశాను. వారం రోజులు ప్రాణం హాయిగా ఉంది. ఎనిమిదో రోజు మళ్లీ హ్యాంగ్. చూస్తే బొమ్మ తిరిగొచ్చి కూర్చుంది. ఏమైందంటే, ఎక్స్‌టెన్షన్ తీసినప్పటినుంచి యాంటీవైరస్ ఎర్రగుర్తు చూపిస్తూ "మీ బ్రౌజర్‌కి రక్షణ లేదు, సరిచేయండి" అంటోంది. మావారు స్టీల్‌ప్లాంట్‌లో నైట్ షిఫ్టు దిగి వచ్చి, కరెంటు బిల్లు కడదామని కూర్చుని, ఎర్రగుర్తు చూసి భయపడి, సరిచేసేశారు. ఆయన్ని ఏమనగలం? నిజంగా ప్రమాదం వచ్చినా అదే ఎర్ర రంగు, వాళ్ల టూల్‌బార్ తీసినా అదే ఎర్ర రంగు. ఈ ప్యాకేజీలో నాకు అన్నిటికన్నా మంట పుట్టించేది ఇదే.

కాబట్టి బ్రౌజర్లో తీసి ఊరుకుంటే చాలదు. యాంటీవైరస్‌లోనే మూలం తీయాలి. కంట్రోల్ ప్యానెల్‌లో దాని పేరు మీద అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే, మా దాంట్లో "మార్చు" అని ఇంకో దారి వచ్చింది. అందులో ఏ ఏ భాగాలు ఉండాలో టిక్కులుంటాయి. వెబ్ టూల్‌బార్ టిక్కు తీసేసి రీస్టార్ట్ చేస్తే, ఎర్రగుర్తు కూడా దానంతటదే పోయింది. అన్ని ప్యాకేజీల్లోనూ ఈ దారి ఉండకపోవచ్చు, సెట్టింగుల్లో బ్రౌజర్ రక్షణ అన్న చోట కూడా వెతకండి.

అయినా ఒక చిన్న నలత మిగిలింది. డిజిటల్ సంతకం పెట్టేటప్పుడు మాత్రం ఆగేది. (దాన్ని డీఎస్సీ, అంటే డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్, అంటారు. ఆ పేరు చెప్తే మా వీధిలో అందరూ టీచరు పోస్టులనుకుంటారు. ఇది యూఎస్‌బీ డాంగిల్.) అడ్రస్ పక్కన ఉండే చిన్న బొమ్మ నొక్కి సైట్ సర్టిఫికెట్ చూస్తే, ఇచ్చింది ఎవరన్న చోట మా యాంటీవైరస్ పేరుంది! హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ అని, మనకీ సైట్‌కీ మధ్యలో అది కూర్చుని, మూసిన కవరు విప్పి చూసి మళ్లీ తన ముద్ర వేసి పంపుతుందన్నమాట. అది కూడా ఆపేశాక సంతకం గొడవ వదిలింది.

ఇవన్నీ తీసేస్తే ప్రమాదం కాదా అని మా పిన్ని అడిగింది. డౌన్‌లోడ్ చేసిన ఫైలు డిస్కు మీదకి రాగానే యాంటీవైరస్ ఎలాగూ చూస్తుంది. మోసపు సైట్ల సంగతికి వస్తే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ జాబితా వాడతాయి, ఎడ్జ్‌కి స్మార్ట్‌స్క్రీన్ ఉంది. ఆ కరెంటు బిల్లు లింకుని అవి ఆపేవో లేదో చెప్పలేను కానీ, ఇప్పుడు అలాంటి లింకులు నేను నొక్కడం మానేశాను.

ఇంకోటి. ఆ ఎక్స్‌టెన్షన్ తీసేముందు దాని అనుమతులు చదివాను. "మీరు చూసే అన్ని వెబ్‌సైట్లలోని డేటాను చదవగలదు, మార్చగలదు" అని ఉంది. ముప్పై షాపుల లెక్కలు నా బ్రౌజర్లో ఉన్నాయి. నేను వాడింది వేరే కంపెనీదే కానీ, అవాస్ట్ తన యాంటీవైరస్, ఎక్స్‌టెన్షన్ల ద్వారా సేకరించిన బ్రౌజింగ్ సమాచారాన్ని అమ్మిందని 2024 ఫిబ్రవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1.65 కోట్ల డాలర్లు కట్టమంది. కాపలావాడికి ఇంటి తాళాలన్నీ ఇచ్చేముందు ఇది తెలిసుంటే బాగుండేది.

మార్కులంటే, యాంటీవైరస్‌కి ఐదుకి మూడున్నర, పెన్‌డ్రైవ్‌ల పుణ్యమా అని. సపోర్ట్‌కి ఒకటిన్నర, మర్యాదకి. టూల్‌బార్‌కి సున్నా. టూల్‌బార్ లేకుండా దాదాపు ఏడాదిగా వాడుతున్నాను, బ్రౌజర్ ఒక్కసారి కూడా ఆగలేదు. 20వ తారీఖు రాత్రి పోర్టల్ ఆగుతుంది, దానికి ఎవరి దగ్గరా మందు లేదు.

రెన్యూ చెయ్యకూడదనే నిర్ణయించుకున్నాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి, నా పాత ఐ3 ప్రాసెసర్ మీద విండోస్ 11 ఎక్కదు. అదనపు అప్‌డేట్లకి నమోదు చేసుకున్నాను, 2026 అక్టోబరు దాకా వస్తాయి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఉండనే ఉంది, ఇది పోగానే అది దానంతటదే మేల్కొంటుంది. తీసేటప్పుడు మామూలు అన్‌ఇన్‌స్టాల్ అయ్యాక కంపెనీ సైట్‌లో దొరికే తొలగింపు టూల్ కూడా నడపమన్నాడు తమ్ముడు, లేకపోతే తునకలు మిగిలిపోతాయట. వచ్చే నెల 11 దాటాక, 20కి ముందు ఖాళీ చూసుకుని ఆ పని పెట్టుకుంటాను. నెల మధ్యలో నా కంప్యూటర్ మీద ప్రయోగాలకి దొరికేవి ఆ రెండు మూడు రోజులే.