అమావాస్య డైరీలు: కొనే ముందు గళ్లు లెక్కపెట్టండి

చంద్రుడి లెక్కన నెలనెలా సంకల్పం రాసుకోవడానికి అచ్చేసిన డైరీలు ఇప్పుడు రకరకాలు దొరుకుతున్నాయి. అమావాస్యకు ఒక సంకల్పం, పౌర్ణమికి ఒకసారి వెనక్కి చూసుకోవడం, మధ్యలో రోజువారీ గళ్లు. అన్నింటి అల్లికా ఇదే. నిరాడంబరంగా, రుతువును గమనిస్తూ బతకాలనుకునేవాళ్లకు ఇది నిజంగా పనికొచ్చే పద్ధతి. జనవరి ఒకటిన పెట్టుకున్న తీర్మానం ఫిబ్రవరిలో జారిపోతే, మళ్లీ వచ్చే ఏడు చూద్దాంలే అనిపిస్తుంది. అమావాస్య లెక్కలో ఏడాదికి పన్నెండో పదమూడో కొత్త మొదళ్లు ఉంటాయి. చంద్రుడు మన సంకల్పాన్ని నెరవేరుస్తాడనడానికి ఆధారం ఏదీ లేదు. ఆ మొదలు తలెత్తితే ఆకాశంలో కనిపిస్తుంది, గుర్తు చేస్తుంది. దాని ఉపయోగం అంతవరకే, అది చిన్నది కాదు.

డైరీ చేతికి రాగానే బొమ్మలు కాదు, గళ్లు చూడండి. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. అంటే రోజుల్లో లెక్కపెడితే ఒకసారి 29, ఒకసారి 30. చాలా డైరీల్లో మాత్రం పేజీ అందంగా కుదరాలని నాలుగు వారాలకు ఏడేసి చొప్పున 28 గళ్లే వేస్తున్నారు. నెలకు ఒకటిన్నర రోజు తేడా మొదట్లో తెలియదు. గళ్లు అయిపోగానే తర్వాతి పేజీకి వెళ్లిపోతుంటే మాత్రం, పదకొండో నెల పేజీ తెరిచే వేళకు బయట నిండు చంద్రుడుంటాడు. పదమూడు నెలలకు మొత్తం 20 రోజులు పక్కకు జరిగిపోతుంది. 30 గళ్లున్న డైరీకి ఈ బాధ లేదు, 29 రోజుల నెలలో చివరి గడి ఖాళీగా వదిలేస్తే సరి.

రెండోది తేదీలు. తేదీలు అచ్చేసిన డైరీ సౌకర్యమే కానీ, ఏ ప్రాంతపు సమయంతో వేశారో ఎక్కడా రాయకపోతే దాన్ని నమ్మలేం. అమావాస్య ఒక క్షణం, అది ప్రపంచమంతటికీ ఒకటే. తేదీ మాత్రం ఊరిని బట్టి మారుతుంది. 2026 ఆగస్టు అమావాస్యనే తీసుకోండి. సంపూర్ణ సూర్యగ్రహణం కూడా ఆ రోజే. అంతర్జాతీయ సమయం (UTC) ప్రకారం అది 12వ తేదీ సాయంత్రం 5:37కి. గడియారం UTC కన్నా ఆరున్నర గంటలో అంతకుమించో ముందున్న ప్రాంతాలన్నింటిలో అప్పటికే 13వ తేదీ వచ్చేస్తుంది. పైగా తేదీల డైరీ మధ్యలో కొంటే ముందరి పేజీలు వృథా. అందుకే తేదీలు లేకుండా, పదమూడు నెలలకు చోటున్న డైరీకే నా ఓటు. పన్నెండు చాంద్రమాన నెలలు కలిపితే 354 రోజులే. సౌర సంవత్సరానికి 11 రోజులు తక్కువ పడుతుంది కాబట్టి ఆ పదమూడో భాగం అలంకారం కాదు, అవసరం.

రుతువుల పేజీల దగ్గర ఇంకా పెద్ద తప్పు జరుగుతోంది. జూన్ పేజీ మీద ఎండ బొమ్మ, డిసెంబరు పేజీ మీద మంచు బొమ్మ ముద్రించి వదిలేస్తారు. దక్షిణార్ధగోళంలో జూన్‌లోనే చలికాలం. భూమధ్యరేఖ దగ్గర నాలుగు కాలాలన్న మాటే పొసగదు, అక్కడ వాన కాలం, వాన లేని కాలం. నెలవంక బొమ్మ కూడా అంతే. పెరిగే చంద్రుడికి కుడివైపు వెలుగు వేస్తారు. అది ఉత్తరార్ధగోళపు దృశ్యం. దక్షిణాన ఎడమవైపు వెలుగుతుంది, భూమధ్యరేఖ దగ్గర దోనెలా వెల్లకిలా పడుకుని ఉంటుంది. మంచి డైరీలో రుతువు గురించి అచ్చు మాట ఒక్కటీ ఉండదు. "ఈ నెల బయట ఏం మారింది" అనే ప్రశ్న, దాని కింద ఖాళీ గీతలు ఉంటాయి.

ఆ గీతల మీద ఏం రాయాలో తెలియక చాలామంది "చల్లగా ఉంది" అని రాసి ఊరుకుంటారు. దానికన్నా ఒక కొలత రాయడం మేలు. 30 సెంటీమీటర్ల స్కేలును చదునైన నేల మీద నిటారుగా నిలబెట్టి, సూర్యుడు అన్నిటికన్నా పైకి వచ్చినప్పుడు నీడ పొడవు కొలవండి. నీడ అన్నిటికన్నా కురచగా ఉన్న క్షణమే అది, గడియారంలో పన్నెండు కానక్కర్లేదు. ప్రతి అమావాస్యకూ అదే చోట కొలిచి, పక్కన సూర్యోదయ సూర్యాస్తమయ సమయాలు రాయండి. మార్చి, సెప్టెంబరు నెలల్లో అంకెలు త్వరత్వరగా మారతాయి. జూన్, డిసెంబరు చివరి వారాల్లో దాదాపు కదలవు. నాలుగైదు అమావాస్యలు గడిచాక ఆ అంకెల వరుస చూస్తే, పొద్దు ఎక్కడికి పోతోందో తెలుస్తుంది. తొందరగా నిద్రపోవడం, దీపాలు తగ్గించడం లాంటి సంకల్పాలు ఏ నెలలో సులువో దాన్ని బట్టి ఎంచుకోవచ్చు.

ఇక సంకల్పం పేజీ. డైరీ మంచిదో కాదో తేలేది ఇక్కడే. పది గీతలు గీసి "ఈ నెల నా సంకల్పాలు" అని శీర్షిక పెట్టిన డైరీని పక్కన పెట్టేయండి. పది రాస్తే ఏదీ నిలవదు. రెండుకు మించి చోటు లేని పేజీ మేలు. ఒకటి కొత్తగా చేసేది, ఒకటి తగ్గించుకునేది. మొదటిదాన్ని చంద్రుడు పెరిగే పక్షంలో, రెండోదాన్ని తరిగే పక్షంలో మొదలుపెడితే కళ్లముందే గుర్తు ఉంటుంది.

రాసే తీరు మరీ ముఖ్యం. "సరళంగా బతుకుతాను" అన్నది కోరిక, దాన్ని ఏ రోజు ఏ గంటకు చెయ్యాలో తెలియదు. "రాత్రి గిన్నెలు కడిగి తుండుగుడ్డ ఆరేశాక, ఫోన్ తీసుకెళ్లి హాల్లో చార్జింగ్‌కి పెడతాను, పడకగదిలోకి తేను." ఇది పని. ఏది జరిగాక, ఏ చోట, ఏం చేస్తామో వాక్యంలోనే ఉంది. ఇలా సందర్భంతో ముడివేసి రాసుకున్న సంకల్పాలు ఎక్కువగా నెరవేరతాయని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో రాసిన వ్యాసం తర్వాత ఈ రంగంలో అందరూ ఎరిగినదే. డైరీలో "ఎప్పుడు", "ఎక్కడ" అనే రెండు చిన్న ఖాళీలు అచ్చయి ఉంటే రాసేవాళ్లు తప్పించుకోలేరు.

చాలా డైరీలు విస్మరించేది కొనసాగింపు. ప్రతి అమావాస్యకూ కొత్త సంకల్పం రాయమంటాయి, పాతది ఏమైందో అడగవు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక అలవాటు తనంతట తాను నడవడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి లెక్క 254 దాకా వెళ్లింది. రెండు చాంద్రమాన నెలలంటే 59 రోజులు. అంటే మూడో నెలలో కూడా అదే సంకల్పాన్ని మోయాలి. నెల కాగానే మార్చేస్తే వేరు పట్టే మొక్కను పీకి ఇంకోచోట నాటినట్టే. కాబట్టి "పోయిన నెలది కొనసాగుతోందా, మార్చాలా, వదిలేయాలా" అని అడిగే చోటు ఉండాలి. అది లేని డైరీ కొని ఉంటే, సంకల్పం పేజీ పై అంచున ఒక గీత గీసి మీరే ఆ చోటు చేసుకోండి.

ఫోన్ యాప్‌లలో తేదీల తప్పు ఉండదు, మీరున్న చోటు తెలిస్తే సమయం సరిగ్గా చెబుతాయి. వాటి పెద్ద లోపం వరుస రోజుల లెక్క. ఒక్కరోజు తప్పితే అంకె సున్నాకు పడిపోతుంది, చూసేవాళ్ల మనసూ దాంతోపాటే పడిపోతుంది. ఇందాక చెప్పిన అధ్యయనంలోనే, ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పెరుగుదలకు చెప్పుకోదగ్గ దెబ్బ తగల్లేదు. ఆ లెక్కను ఆపేసే వీలుంటే యాప్ వాడండి. లేదంటే కాగితమే మంచిది. సంధ్యవేళ చంద్రుణ్ణి చూడ్డానికి బయటికి వెళ్తూ మళ్లీ తెర తెరవడం ఎలాగూ ఈ పనికి పొసగదు.

కాగితం, కుట్టు గురించి రెండు మాటలు. ఏడాది పొడవునా తెరిచి మూసే పుస్తకం కాబట్టి దారంతో కుట్టినదే తీసుకోండి, బల్ల మీద చదునుగా తెరుచుకుంటుంది. జిగురుతో అతికించినవి మధ్యలో విరిగి పేజీలు ఊడిపోతాయి. సిరా కలంతో రాసేవాళ్లకు చదరపు మీటరుకు 80 గ్రాముల (80 GSM) కాగితం మీద వెనక పేజీకి మరకలు దిగే అవకాశం ఎక్కువ, 100 గ్రాములది మెరుగు.

నిరాడంబరంగా ఉండాలనుకుని డైరీ కోసం వెతుకుతుంటే, ఇంట్లో పడున్న నోటుపుస్తకం కన్నా మంచిది దొరకడం కష్టం. 112 పేజీలుంటే చాలు: నెలకు ఎనిమిది చొప్పున పదమూడు నెలలకు 104, మిగిలిన ఎనిమిది నీడ కొలతలకు. ఎనిమిదిలో ఒకటి సంకల్పానికి, ఒకటి 30 గళ్లకు, ఒకటి బయట మారినవాటికి, ఒకటి పౌర్ణమికి. ఒక పేజీ కొనాలనిపించి ఆగిన వస్తువుల పట్టికకు: పేరు, తేదీ, ప్రస్తుతం ఆ పని దేనితో గడుస్తోంది. ఆ మూడో గడి వదిలేస్తే పట్టిక ఉత్త కోరికల చిట్టా అవుతుంది. వచ్చే అమావాస్య దాకా ఆగి చూస్తే, గడిచిపోతున్నవాటిని మీరే కొట్టేస్తారు. మందులు, పాడైన పొయ్యి లాంటివి ఇందులో రాయకండి. మిగతా మూడు పేజీలు ఖాళీగానే ఉంచండి.

రాయడానికి కచ్చితంగా అమావాస్య రాత్రే కూర్చోవాలన్న పట్టింపు వద్దు. ఆ రోజు కుదరకపోతే ఒకటి రెండు రోజులు ఆగి, సూర్యాస్తమయమైన అరగంటకు పడమటి దిక్కున కిందికి చూడండి. వెంట్రుకంత సన్నని వంక, దాని పక్కన మసకగా మిగతా బింబం కనిపిస్తాయి. అది దిగిపోయేలోపు బయటే నిలబడి, లోపలికి వచ్చాక రాయండి.