నెట్ ఉంది, బిల్లు రాదు: సీటీసీ సర్వీస్ షాపుకు ఐదు స్టార్లు

పద్మారావునగర్‌లో మాది మందుల షాపు. సాయంత్రం రద్దీ మొదలయ్యాక బిల్లింగ్ కంప్యూటర్ మొరాయించేది. పింగ్ కొడితే (నెట్ అందుతోందో లేదో చూసే పరీక్ష) జవాబొస్తుంది, ఏ సైటూ తెరుచుకోదు. రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది, మళ్లీ అదే టెన్షన్. ఇంతకుముందు చూసినాయన రూటర్ మార్చమని చెప్పి వెళ్లిపోయారు.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లోని ఒక సర్వీస్ షాపు నుంచి వచ్చిన అబ్బాయి దేన్నీ మార్చలేదు. "రీస్టార్ట్ చేయకండి మేడమ్, ఇలా ఆగినప్పుడే అసలు సంగతి దొరుకుతుంది" అన్నాడు. విండోస్ నమోదు చేసిన హెచ్చరికలు కనిపించే ఈవెంట్ వ్యూయర్‌లో 4231 నంబరు హెచ్చరిక చూపించాడు: పోర్టులన్నీ, అంటే ఒక్కో కనెక్షన్‌కు కంప్యూటర్ ఇచ్చే నంబర్లన్నీ, వాడకంలో ఉన్నాయట. కనెక్షన్ల జాబితా చూపే నెట్‌స్టాట్ కమాండ్ కొడితే స్క్రీన్ నిండా 'క్లోజ్ వెయిట్' (అవతలివైపు ముగించినా ఇటు ఇంకా మూయని కనెక్షన్) వరుసలు, అన్నిటి చివరా ఒకే ప్రాసెస్ నంబరు. అది మా స్టాకు అప్‌డేట్ చేసే ప్రోగ్రామ్‌ది. బయటికి వెళ్లే కనెక్షన్లకు విండోస్ మామూలుగా 49152 నుంచి 65535 దాకా, అంటే 16,384 పోర్టులు కేటాయిస్తుంది. ఈ ప్రోగ్రామ్ పనైపోయినా కనెక్షన్ మూయకుండా ఒక్కో పోర్టునూ పట్టుకుని కూర్చుంది.

పోర్టుల రేంజి పెంచొచ్చు కదా అని అడిగాను. పెంచితే ఆగిపోవడం కాస్త ఆలస్యమవుతుందే గానీ లీకు ఆగదన్నాడు. ఆ మాట నాకు భలే నచ్చింది. స్క్రీన్‌షాట్లు తీసి సాఫ్ట్‌వేర్ వాళ్లకు తనే పంపాడు. కొత్త వెర్షన్ వచ్చాక సాయంత్రాలు ప్రశాంతంగా ఉన్నాయి. విజిటింగ్ ఛార్జీ తప్ప ఇంకేమీ తీసుకోలేదు.

ఫోన్ ఎత్తడం మాత్రం ఆలస్యం. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే త్వరగా పలుకుతారు.