మిలటరీ తాతగారికి సంక్రాంతి ఫొటో: విజయనగరంలోని ఒక స్టూడియో పనితనం

విజయనగరం గంటస్తంభానికి దగ్గరి వీధుల్లో ఉన్న ఒక పాత ఫొటో స్టూడియోవారు ఈ సంక్రాంతికి మా నాన్నగారి కోసం చేసిన పని గురించి, అలాంటి పని చేయించుకోవాలనుకునే మాజీ సైనికుల కుటుంబాలకు ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఈ సమీక్ష రాస్తున్నాను. పండగ రోజుల్లో ఉన్న ఆర్డర్లే సకాలంలో తీర్చలేకపోతున్నామని, పేరు మాత్రం రాయవద్దని యజమాని కోరారు కాబట్టి దుకాణం పేరు ఇవ్వడం లేదు.

జనవరి 14 మాజీ సైనికుల దినోత్సవమని మన ఇళ్లలో చాలామందికి తెలియదు. భారత సైన్యానికి తొలి భారతీయ సర్వసేనాని అయిన కరియప్ప 1953లో ఆ తేదీన పదవీ విరమణ చేశారు. మర్నాడు సైనిక దినోత్సవం. ఈ రెండు రోజులూ మనకు భోగి, సంక్రాంతి, కనుమల మధ్యనే పడతాయి. హైదరాబాదు, చెన్నై, బెంగళూరుల నుంచి కొడుకులూ కోడళ్లూ మనవలూ అందరూ ఒక్క గడప లోపల ఉండేది కూడా అప్పుడే. 1962 నుంచి కోరుకొండలో సైనిక పాఠశాల నడుస్తున్న జిల్లా మనది. చుట్టుపక్కల చాలా ఊళ్లలో ‘మిలటరీ వారి ఇల్లు’ అంటే పిల్లలు కూడా దారి చూపిస్తారు. అందుకని అందరూ కలిసే ఆ పండగ రోజుల్లోనే నాన్నగారిని పతకాలతో ఒక మంచి ఫొటో తీయించాలని, దానితోపాటు ఆయన సర్వీసులో ఉన్నప్పటి పాత ఫొటోను బాగు చేయించాలని అనుకున్నాము.

నాన్నగారు మద్రాస్ రెజిమెంటులో పనిచేసి హవల్దారుగా రిటైరయ్యారు. 1971 యుద్ధంలో పశ్చిమ సరిహద్దున ఉన్నారు. ఆ రోజుల నాటి నలుపు తెలుపు ఫొటో ఒకటే మిగిలింది. మన సముద్రపు గాలి తేమకు అది ఫ్రేము అద్దానికి అతుక్కుపోయి, అంచుల్లో బూజు పట్టింది. మేము మొదట వెళ్లిన వేరొక దుకాణంలో దానిని అక్కడికక్కడే లాగి తీయబోయారు. గంటస్తంభం దగ్గరి ఈ స్టూడియో పెద్దాయన మాత్రం దానిని ముట్టుకోకుండా ముందు వెలుతురుకు పట్టి చూశారు. తేమ తగిలినప్పుడు ఫొటో పైపొరలోని జెలటిన్ మెత్తబడి అద్దాన్ని పట్టుకుంటుందని, బలవంతంగా లాగితే ముఖమే ఊడి అద్దానికి ఉండిపోతుందని వివరించి, అద్దంతో సహా స్కాన్ చేశారు. గీతలు, బూజు మచ్చలు కంప్యూటరు మీద ఒక్కొక్కటిగా తీశారు తప్ప ముఖం జోలికి పోలేదు. ఈమధ్య ఫోన్లలో వచ్చిన యాప్‌లు పాత ముఖాన్ని నున్నగా చేసి, కళ్లు పెద్దవి చేసి, మన మనిషి కాని మరొకరిని మన చేతిలో పెడుతున్నాయి కాబట్టి, ఈ నిగ్రహమే నాకు ఎక్కువగా నచ్చింది.

రంగు వేసే దగ్గర ఆయన చూపిన శ్రద్ధను కొంచెం వివరంగా చెప్పాలి. అలాంటి ఫోన్ యాప్ ఒకటి యూనిఫారానికి ఖాకీ రంగు వేసి నాన్నగారిని పోలీసు జవానును చేసింది. స్టూడియోవారు ‘యూనిఫారం ఏ రంగుది మాస్టారూ, టోపీ ఏ రంగుది?’ అని నాన్నగారినే అడిగి, ఆలివ్ గ్రీన్ వేసి, బెరే టోపీకి రెజిమెంటు ఆకుపచ్చను విడిగా వేశారు. టోపీ బ్యాడ్జి పాత ఫొటోలో తెల్లని చుక్కగా మాత్రమే కనిపిస్తోంది. దానిని ఊహతో నింపకుండా అసలు బ్యాడ్జి ఉంటే తెమ్మన్నారు. ట్రంకుపెట్టెలోంచి తీసి ఇచ్చిన ఆ బ్యాడ్జిని, కత్తులు రెండు ఒకదాని మీదొకటి అడ్డంగా ఉండి నడుమ ఏనుగు ఉండే దానిని, దగ్గరగా ఫొటో తీసుకుని, దానిని చూస్తూ సరిచేశారు. ‘స్వధర్మే నిధనం శ్రేయః’ అన్న గీతా వాక్యమే తమ రెజిమెంటు నినాదమని నాన్నగారు స్టూడియోలోని కుర్రవాళ్లకు చెబుతూ కూర్చున్న ఆ గంటసేపూ, పని ఆలస్యమవుతోందని అక్కడ ఎవ్వరూ విసుక్కోలేదు.

ఇక పతకాల ఫొటో. వెనుక మంచు కొండలూ ట్యాంకూ పెట్టి, మనవడికి కమెండో దుస్తులు అద్దెకు తొడుగుదామని వేరొక చోట సలహా ఇచ్చారు. యుద్ధం చేసిన మనిషి పక్కన అద్దె వేషం పెట్టడం ఆయనను గౌరవించడం కాదని నా అభిప్రాయం. ఈ స్టూడియోవారు మా ఇంటి వసారాలోనే, తెల్ల చొక్కా మీద కోటు వేయించి, ఉదయపు పక్క వెలుతురులో తీశారు. మెరిసే పతకాలకు ఎదురుగా ఫ్లాష్ కొడితే అవి తెల్లటి మచ్చలుగా మారతాయి. శుక్లాల ఆపరేషన్ తరువాత పెట్టుకున్న కళ్లజోడులో కిటికీ ప్రతిబింబం పడుతుంది. వాటిని తప్పించడానికి లైటును పైకి జరిపి, కళ్లజోడును ముందుకు వంచి ఓపికగా సరిచూశారు. 1971 యుద్ధానికి ఇచ్చిన పతకాలు, నక్షత్రం ఆకారంలోని పశ్చిమీ స్టార్, గుండ్రని సంగ్రామ్ మెడల్, వరుస తప్పకుండా ఉన్నాయో లేదో నాన్నగారినే చూడమన్నారు.

ప్రింటు తీసేముందు యజమాని పట్టుకున్న ఒక సంగతి ప్రతి మాజీ సైనికుడి కుటుంబానికీ తెలిసి ఉండాలి. మా అన్నయ్య కూతురు ఫోన్ సెల్ఫీ కెమెరాతో తీసిన తాతామనవరాళ్ల ఫొటో కూడా ఆల్బంలో పెట్టమని ఇచ్చాము. అది అద్దంలో బింబంలా తిరగబడి, పతకాలు కుడి రొమ్ము మీదికి వచ్చాయి. పతకాలు పొందినవారు ఎడమవైపు ధరిస్తారు. వారు లేనప్పుడు వారి భార్య గానీ పిల్లలు గానీ కుడివైపు ధరిస్తారు. బతికి ఉన్న మనిషి ఫొటోలో ఆ తేడా రాకూడదని, మేమెవరమూ గమనించకముందే ఆయన దానిని తిరిగి సరిచేసి పెట్టారు.

కనుమ నాటి కుటుంబ ఫొటో ముప్పై మందికి పైగా ఉన్న గుంపు. ఎక్కువ చెప్పవలసింది లేదు: నాన్నగారూ అమ్మా నడుమ కుర్చీల్లో, ముగ్గు పాడుకాకుండా పిల్లలు ముందు వరుసలో, అందరి కళ్లూ తెరిచి ఉన్న ఫొటో వచ్చింది. స్టూడియో నుంచి వచ్చిన కుర్రవాడు చిన్న పిల్లలను నిలబెట్టడంలో మంచి నేర్పరి. అరిసెలు పెట్టబోతే పని అయ్యాకే తింటానన్నాడు.

లోపాలు లేకపోలేదు. ఆల్బం బైండింగు విశాఖపట్నంలో చేయిస్తారు కాబట్టి పండగ వెళ్లి, పిల్లలు ఊళ్లకు తిరిగి వెళ్లిన చాలా రోజులకు గానీ చేతికి రాలేదు. ముందే ఆ మాట చెప్పి ఉంటే ప్రింట్లు మాత్రమే తీసుకుని పంచేవాళ్లము. గుంపు ఫొటో మొదటి ప్రింటులో చర్మపు రంగు పచ్చగా కనిపించింది. అడిగిన వెంటనే డబ్బులు తీసుకోకుండా మళ్లీ వేసి ఇచ్చారు. ధర విషయానికి వస్తే పాత ఫొటోను బాగు చేసి 12×18 సైజు ప్రింటుకు ఫ్రేము కట్టి ఇవ్వడానికి రెండు వేల రూపాయల లోపే అయింది. ఆ ఓపికకు అది తక్కువే. ఇంటికి వచ్చి తీసినందుకు విడిగా తీసుకుంటారు. రసీదు అడిగితే ఇస్తారు.

చేయించుకోదలచిన వారు సాయుధ దళాల పతాక దినోత్సవమైన డిసెంబరు 7 నాటికే పాత ఫొటోను ఇవ్వడం మంచిది. సంక్రాంతి వారంలో ఇస్తే స్కాన్ చేస్తారు గానీ రంగు పని పండగ తరువాతే. వెళ్లేటప్పుడు బ్యాడ్జి, పతకాలు, డిశ్చార్జి పుస్తకం (సర్వీసు వివరాలుండేది) వెంట తీసుకెళ్లండి. వీలైతే ఆ పెద్దమనిషిని కూడా తీసుకెళ్లండి, రంగులూ వరుసలూ ఆయన నోటి నుంచే వారు తెలుసుకోవాలనుకుంటారు. మెట్లు ఎక్కలేని పెద్దలుంటే ముందే ఫోన్ చేయండి, స్టూడియో మేడ మీద ఉంది.