పెళ్లి కార్డు: అచ్చా, ఫోనా?

ఖర్చు ఒక్కటే చూసుకుంటే ఫోన్‌లో పంపే కార్డుదే గెలుపు. చిరునామాలు సేకరించే పని ఉండదు, వేదికకు దారి చూపే మ్యాప్ లింకు పెట్టొచ్చు, వస్తున్నారో లేదో వెంటనే తెలుస్తుంది. అయితే వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపితే సైజు తగ్గిపోయి సన్న అక్షరాలు అలుక్కుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపాలి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఒకేసారి 256 మందికి పంపొచ్చు గానీ, మన నంబరు సేవ్ చేసుకోని వాళ్లకు అది చేరదు. ఎవరికి చేరలేదో మనకు తెలిసేది పెళ్లయ్యాక, అదీ నిష్ఠూరాల రూపంలో.

అచ్చు కార్డుతో అసలు చిక్కు ధర కాదు, ఒకసారి అచ్చయితే దిద్దుకోలేం. ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు సరిచూసుకునే నమూనా, కాగితం మీద తీయించి, కార్డు పనిలో వేలు పెట్టని మనిషి చేత చదివించండి. తేదీకి వారం సరిపోయిందా, పేర్ల స్పెల్లింగు సరేనా చూడాలి. ఫైలు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి మారినప్పుడు వత్తులు విడిపోయి పక్కన పడటం మామూలే, కాబట్టి మనం పంపిన మాటర్ సరిగ్గా ఉంటే సరిపోదు.

వందల్లో కావాలంటే ఆఫ్‌సెట్, కొద్దిగా అయితే డిజిటల్ ప్రింటింగ్. ఆఫ్‌సెట్‌లో రంగుకో ప్లేటు చేయాలి, కార్డులు ఎన్నయినా ఆ ఖర్చు తప్పదు. తర్వాత ఇంకో ఇరవై కావాలని వెళితే చేతి చమురు వదులుతుంది. ముందే పది శాతం ఎక్కువ వేయించుకోవడం నయం. కవర్లు ఇంకాస్త ఎక్కువే తీసుకోండి, చిరునామాలు రాసేటప్పుడు పాడయ్యేవి అవే.

పోస్టుకు బరువే లెక్క. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) కాగితంతో 5×7 అంగుళాల కార్డు ఏడు గ్రాముల లోపే తూగుతుంది. దళసరి కవరు, ఇంకో అట్ట, రిబ్బను చేరితే 20 గ్రాములు దాటిపోవచ్చు, చాలా దేశాల్లో పోస్టు రేటు మారేది అక్కడే. అన్నీ పెట్టిన కవరు ఒకటి తూకం వేయించాకే స్టాంపులు కొనండి.

నన్నడిగితే పెద్దవాళ్లకు, దూరం నుంచి ప్రయాణం పెట్టుకుని రావాల్సిన వాళ్లకు అచ్చు కార్డు, మిగతావాళ్లకు ఫోన్‌లో పేరు పెట్టి విడిగా ఒక మెసేజ్. కార్డు మీద ఎవరి పెళ్లి, ఎవరు పిలుస్తున్నారు, ఎప్పుడు, ఎక్కడ అనేవి ఉంటే చాలు. బస, పార్కింగు లాంటి మారే సంగతులు ఫోన్‌కు వదిలేయాలి. సీట్లు పరిమితమైతే కవరు మీద పిలిచినవాళ్ల పేర్లే రాయండి. 'సకుటుంబ సపరివార సమేతంగా' అని అచ్చేయించి, ఆనక తలలు లెక్కపెడుతూ టెన్షన్ పడటం చేతులారా తెచ్చుకునేదే.

దూరపు వాళ్ల కవర్లు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే పోస్టులో పడాలి. జవాబుకు గడువు పెళ్లికి మూడు వారాల ముందు పెట్టి, అప్పటికీ పలకని వాళ్లకు ఫోన్ చేయడమే.